రాగికి రంగు తిరిగిన ఏళ్ళు

పోయిన నెలలో ఒక ఆదివారం నాయుడుపేట నుంచి ఒక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. అక్కడేదో ఫ్యాక్టరీలో పని, పాత నాణేలు పోగు చేయడం సరదా. మా నాయన దగ్గర మంచి రాగి నాణేలు ఉండేవని ఎవరో చెబితే వెతుక్కుంటూ తిరుపతి వచ్చాడు. చెక్కపెట్టె తీసి కిటికీ దగ్గర పెట్టాను. అందులోంచి తెల్లదొరల కుంపిణీ కాలపు ఇరవై కాసుల బిళ్ళ ఒకటి, పద్ధతి తెలిసినవాడిలాగే అంచులు పట్టుకుని, వెలుతురుకు వంచి చూశాడు. నడుమ వక్క రంగు. దాని చుట్టూ గోరింటాకు బాగా పండినప్పటి ఎరుపు. అంచుకు పోయేకొద్దీ నేరేడుపండు ఛాయ, ఆ ఛాయలోంచి తేలి వచ్చే నీలం. అబ్బాయి దాన్ని అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ వంచాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "ఏం కెమికల్ వాడినారు మేడమ్?"

నాకు కోపం రాలేదు. రాగిని ఏ మందులో ముంచితే ఏ రంగు వస్తుందో చూపించే వీడియోలు ఇప్పుడు ఫోనులో బోలెడున్నాయట, ఆ అబ్బాయే చెప్పాడు. కెమికల్ ఏమీ లేదు, ఇది మా అమ్మ చేసిన పని అన్నాను. తమాషాకు అంటున్నాననుకుని నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. పెట్టె మూసేద్దామనుకున్నాను గాని చెయ్యి రాలేదు. ఆ పూటంతా దాని ముందే కూర్చున్నాను. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది, నాయన ఆమెకంటే ముందే పోయాడు. ఈ నాణేలకు ఏం జరిగిందో మొదటినుంచీ చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

అమ్మ పుట్టిల్లు చిత్తూరు. బజారువీధిలో మా తాతకు రాగి, ఇత్తడి పాత్రల అంగడి ఉండేది. ఆ అంగట్లో పాకుతూ పెరిగిన మనిషికి రాగి అంటే మెరుపు, అంతే. మెరవని రాగి ఆ ఇంటి ఆడవాళ్ళకు తలవంపులు. పెళ్ళయి తిరుపతి వచ్చినా ఆ పట్టింపు వదల్లేదు. మేం అద్దెకున్న వరస ఇళ్ళకు వెనక ఉమ్మడి పెరడు ఉండేది. శుక్రవారం తెల్లారేసరికి అక్కడ అమ్మ తోముడు మొదలయ్యేది. ముందురోజు నానేసిన చింతపండు పిప్పి, కల్లుప్పు, ఇటుకపొడి, కొబ్బరి పీచు. నీళ్ళ అండా, బిందెలు, చెంబులు, పూజ గిన్నెలు వరసగా ఆమె ముందు కూర్చునేవి. పులుపు తగలగానే రాగి మీంచి ఒక వాసన లేస్తుంది. చిన్నప్పుడు వేలు తెగితే నోట్లో పెట్టుకున్నప్పుడు తగిలే రుచికి, చింతకాయ పచ్చడికి మధ్య ఎక్కడో ఉంటుంది ఆ వాసన. నలుపు కరిగి కింది నుంచి లేత గులాబీ రంగు బయటపడుతూ ఉంటే అమ్మ ముఖం విచ్చుకునేది. కడిగిన చెంబును ఎండకు ఎత్తి, అందులో తన బొట్టు కనబడుతుందో లేదో చూసుకునేది. కనబడకపోతే మళ్ళీ పీచు అందుకునేది.

తాత మా ఇంటికి వస్తే చెప్పులు విడిచి, కాళ్ళు కూడా కడుక్కోకముందే, గడప పక్కనున్న బిందెను మధ్యవేలితో తట్టి చెవి ఒగ్గేవాడు. దాని మోత ఆగిపోయేదాకా అట్లాగే వంగి ఉండేవాడు. ఆ తర్వాతే కూతురి ముఖం చూసి, "ఇల్లు బాగుండాదమ్మా" అనేవాడు. ఆయన ఉత్తరీయం నిండా నశ్యం వాసన. ఆయన వేళ్ళకు ఇత్తడి వాసన. నవ్వితే అంగడంతా నవ్వినట్టుండేది.

నాయన బడిలో డ్రాయింగు అయ్యవారు. ఊళ్ళో బొమ్మలయ్యోరు అనేవాళ్ళు. లెక్కల అయ్యవారికుండే మర్యాద బొమ్మలయ్యోరికి ఉండేది కాదు. హెడ్మాస్టరు బెంచీలు మోయించాలన్నా, బడి ముందు గడ్డి పీకించాలన్నా డ్రాయింగు పీరియడే దొరికేది. నాయన నోరెత్తేవాడు కాదు. రంగుపెట్టె మూసి సంచిలో పెట్టుకుని పిల్లల వెనక తనూ నడిచేవాడు. అమ్మకు అది కష్టంగా ఉండేది. ఎప్పుడో ఒకరోజు ఈ మనిషిని పదిమందీ గుర్తిస్తారని ఆమె గట్టిగా నమ్మింది. జరిగిందానికి ఆ నమ్మకమే కారణమని నాకిప్పుడు అనిపిస్తుంది.

బడి బయట నాయనకున్న లోకం రాగి నాణేలు. చిత్తూరు వెళ్ళినప్పుడల్లా తాత అంగడికి తూకానికి వచ్చిన పాత రాగి కుప్పలో కూర్చుని గంటలకొద్దీ ఏరేవాడు. కుంపిణీ కాసులు, అర్ధణాలు, కానీలు, దమ్మిడీలు, చంద్రగిరి వైపు దుక్కిలో బయటపడ్డ చింతగింజంత పాత బిళ్ళలు. అల్లుడికి కుప్పలో చెయ్యి పెట్టే పని ఏమిటని తాత మొదట్లో సిగ్గుపడి, తర్వాత మంచివనిపించినవి తనే తీసి పక్కన పెట్టేవాడు. నాయన చూసేది నాణెం వయసు కాదు, రంగు. ఇంటికి తెచ్చి, మెత్తని గుడ్డతో మన్ను మాత్రం దులిపి, మందపాటి డ్రాయింగు కాగితంలో గుండ్రంగా కోసిన గూళ్ళలో పెట్టేవాడు. ఆ గూళ్ళుండే చెక్కపెట్టె కూడా తనే చేసుకున్నాడు.

ఆదివారం అమ్మ అలసందలు రుబ్బుతుంటే, ఆయన నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని పెట్టె తెరిచేవాడు. "ముఖం మీద ఏలు పెట్టొద్దు పాపా. అంచులు పట్టుకో. ఆ, అట్ల. ఇప్పుడు వంచు. ఈ ఎరుపు యాడ అయిపోయింది, యాడ నీలం మొదలైంది? సూపించు." నేను ఎంత చూసినా చూపించలేకపోయేదాన్ని. ఆయన మురిసిపోయేవాడు. "సూపించలేవు. మనిషి పూస్తే గీత కనబడతాది. గాలి, కాగితం, కాలం కలిసి పూస్తే కనబడదు." అక్షరాల సందుల్లో, చెయ్యి తగలని మరుగు చోట, టంకశాలలో పుట్టినప్పటి ఎరుపు రవంత మిగిలి ఉండేది. అది చూపించేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. పచ్చగా పొడిపొడిగా రాలే చిలుము వేరని, అది రాగిని తినేస్తుందని, ఈ రంగు మాత్రం రాగికి చర్మం లాంటిదని, దాన్ని ఒలిస్తే మళ్ళీ రావడానికి ఒక జీవితం పడుతుందని చెప్పేవాడు. వంటింట్లోంచి అమ్మ, "మురికికి ఇన్ని పేర్లా!" అని నవ్వేది. నాయనా నవ్వేవాడు. అది వాళ్ళిద్దరి మధ్య పాత ఆట.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు చిత్తూరులో పాత వస్తువుల ప్రదర్శన ఒకటి పెట్టాలనుకున్నారు. దాన్ని చూసుకుంటున్నది చరిత్ర చెప్పే కాలేజీ లెక్చరరు, శేషాద్రి సారు. నాయన తన నాణేల రంగుల గురించి ఆయనకు రాశాడు. ఫలానా రోజు వచ్చి చూస్తాను, బాగుంటే ఒక బల్ల మొత్తం మీ నాణేలకే ఇస్తాను అని జవాబు వచ్చింది. అమ్మ ఆ సంగతి పెరట్లో అందరికీ చెప్పింది. అంతలో నాయనకు గూడూరులో డ్రాయింగు పరీక్షల డ్యూటీ పడింది. సారు వచ్చే రోజు పొద్దున్నే రైలు దిగుతానని చెప్పి వెళ్ళాడు.

ముందురోజు సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి పెరట్లో చింతపండు వాసన. శుక్రవారం కాదే అనుకుంటూ వెళ్ళాను. చాట మీద పాత చీర ముక్క పరిచి అమ్మ నాణేలన్నీ ఆరబెట్టింది. ఒక్కటి కూడా మిగల్లేదు. పడమటి ఎండ వాటి మీద పడి గోడంతా వెలుగు చుక్కలు ఆడుతున్నాయి. అమ్మ వేళ్ళ కొసలు పులుపుకు ముడుచుకుపోయి ఉన్నాయి. "పెద్దమనుషులు సూసేదానికి వస్తా ఉండారు. నల్లగా మాసినవి ఎట్ల పెట్టేది వాళ్ళ ముందర?" అంది. అబద్ధమెందుకు, నా కంటికీ అవి అందంగానే ఉన్నాయి. ఎర్రటి రవికె గుడ్డ పరిచిన ఇత్తడి పళ్ళెంలో వాటిని పేర్చి ముందు గదిలో పెట్టింది.

పొద్దున్నే నాయన వచ్చాడు. చేతిలో గూడూరు నిమ్మకాయల సంచి. గడప దాటి, పళ్ళెం చూసి ఆగిపోయాడు. అమ్మ తువ్వాలు పట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తూ ఉంది. ఆయన సంచి కింద పెట్టలేదు. ఆ నిలబడడం నాకిప్పటికీ కళ్ళముందుంది. కాసేపటికి, "బాగ మెరస్తా ఉండాయి సుభద్రా" అన్నాడు. అమ్మ ముఖం దీపంలా వెలిగింది. కాఫీ పెట్టడానికి లోపలికి పరిగెత్తింది.

శేషాద్రి సారు వచ్చినప్పుడు అమ్మ కాఫీ లోటాలతో వంటింటి తలుపు వెనక ఉంది. నేను ఆమె పక్కన ఉన్నాను. సారు కళ్ళద్దాలు సవరించుకుని పళ్ళెం మీదికి వంగాడు. ఒకటి తీసి చూశాడు, ఇంకొకటి తీసి చూశాడు. 

"ఏమప్పా ఇది? రంగులు రంగులని అంత పొడుగు జాబు రాస్తివి. యాడ రంగులు? అన్నీ తోమి పెట్టినావే!"

నాయన పళ్ళెం అంచు సర్దాడు.

"నూరేండ్లు పట్టింటాది ఆ రంగు వచ్చేదానికి. ఇవి ఇంక కొత్త గిన్నెల మాదిరి ఉండాయి. ఎవరు సేసినారు ఈ పని?"

"నేనే సార్" అన్నాడు నాయన. "మీరు వస్తారని సంబరంలో తోమేసినాను. బుద్ధి లేక సేసినాను."

సారు ఆయన వైపు చూసిన చూపు బడిలో హెడ్మాస్టరు చూసే చూపు లాంటిదే. "బొమ్మలు నేర్పే అయ్యోరివి, నీకు సెప్పాల్నా?" అని లేచాడు. కాఫీ తాగలేదు.  అమ్మ లోటాలు నేల మీద పెట్టి, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. బయటికి వచ్చి నిజం చెప్పబోయింది. కాని గుమ్మంలో నాయన ఆమెకు ఎదురుగా తిరిగి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె ఆగిపోయింది. సారు వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఇంట్లో కోపాలూ ఏడుపులూ లేవు. నాయన నాణేలను మళ్ళీ వాటి కాగితపు గూళ్ళలో పెట్టాడు. మర్నాడు తెల్లవారుతూనే, ఆయన దంతధావనం చేసుకుంటుంటే అమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ రంగు మల్లా వస్తాదా?"

"వదిలెయ్ సుభద్రా. పోనీలే."

"వస్తాదా రాదా, అది సెప్పండి."

"రాగి గదా. వస్తాది. ఆ రంగే రాదు, ఏదో ఒకటి వస్తాది. మనం ఉండంగా వస్తాదో లేదో."

"ఉంటాము" అంది అమ్మ. "ఏం సెయ్యాల్నో సెప్పండి. ఏం సెయ్యకూడదో అదీ సెప్పండి."

తర్వాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పుట్టింటికి బయలుదేరింది. బస్సు దిగి నేరుగా అంగడికి వెళ్ళాం. తాత విషయమంతా విని పెద్దగా నవ్వాడు. "ఇంతేనా? దీనికా ఇంత దిగులు?" అంగడి వెనక కొలిమి దగ్గరికి తీసుకుపోయాడు. కుప్పలోంచి ఒక కానీ బిళ్ళ ఏరి, పులుపు పెట్టి తోమి, ఏదో గంధకం నీళ్ళలో ముంచి, నిప్పుల మీద రేకు పెట్టి వెచ్చబెట్టాడు. మేం చూస్తుండగానే కానీ ఎర్రబడింది, ఊదా తిరిగింది, నెమలి కంఠం నీలమై నిలిచింది. నేను చప్పట్లు కొట్టాను. కుళ్ళిన గుడ్డు వాసన కొలిమంతా నిండింది. అమ్మ ఆ కానీని పట్టకారుతో ఎత్తి, రెండు వైపులా చూసింది.

"బాగుండాది గదా?" అన్నాడు తాత.

"బాగుండాది నాయనా."

"మల్లేం? అన్నీ తే. ఈ పూటకే సేసిస్తా. అల్లుడు తిరుపతిలో సంతోషంగా ఉంటాడు, నువ్వూ ఉంటావు."

"వొద్దు."

"యాలమ్మా?"

"నా తప్పు కప్పేదానికి ఆయన ఒక అబద్దం సెప్పినాడు, అంత పెద్దమనిషి ముందర. దాని మీద నేను ఇంగొకటి పెట్టేది లేదు." పట్టకారు కింద పెట్టి చెయ్యి కడుక్కుంది. తాత నిప్పుల మీది రేకు దించేశాడు. ఆ నీలం కానీ అక్కడే ఉండిపోయింది.

అప్పటినుంచి ఆ పెట్టె అమ్మదయింది. చేయడానికి ఏమీ లేని పని అది, చేయకుండా ఉండడమే పని. తోమడం తప్ప తెలియని చేతులకు అంతకంటే కష్టం ఏముంటుంది? పోపు ఆవిరి, కర్పూరం పొగ తగలని చోటు కావాలని ఇల్లంతా వెతికి, ముందు గది కిటికీకి ఎదురు గోడన బల్ల కొట్టించింది. ఎండాకాలంలో నీడపట్టున మూత తీసేది. తుఫాను వానలకు గోడలు చెమ్మ పట్టగానే పెట్టెను పొడి దుప్పట్లో చుట్టి బియ్యపు డబ్బా మీదికి ఎక్కించేది. నాణేలను తిప్పాల్సి వస్తే చేతులు కడిగి, ఆరబెట్టుకుని, గుడ్డతో అంచులు పట్టుకునేది. నన్ను కూడా తాకనిచ్చేది కాదు. ఒక కార్తీక మాసంలో వీధి కాలవ పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఆమె ముందుగా ఎత్తింది ఆ పెట్టెనే. బియ్యం తడిసిపోయాయి. పెరట్లో ఆడవాళ్ళు, "తోమిన బిళ్ళలు మాసిపోయేదానికి కాపలా కాస్తా ఉండాది" అని నవ్వేవాళ్ళు.  అమ్మ శుక్రవారం తన బిందెలు మాత్రం వాళ్ళందరి బిందెలకంటే ధగధగలాడించేది.

మొదట వచ్చినవి రంగులు కావు. ఆ లేత గులాబీ మెరుపు చచ్చి, నాణేలు పాలిపోయిన పెదవుల్లా అయ్యాయి. తర్వాత మచ్చలు. ఒక అర్ధణా మీద, తోమిన రోజు తడి వేలు ఆనిన చోట, అమ్మ బొటనవేలి ముద్ర గీతలతో సహా నల్లగా తేలింది. ఆమె దాన్ని చూసి చాలా బాధపడింది. నాయన మాత్రం నాలుగు వైపులా తిప్పి చూసి, ఎంత పెద్ద చిత్రకారుడికైనా ఇంత సన్నని గీత పడదని నవ్వాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అన్నీ ఒకటే గోధుమ రంగు. నేను పెద్ద చదువు చదివాను. తెలుగు టీచరుగా ఉద్యోగం వచ్చింది. పెళ్ళయి పూతలపట్టులో కాపురం పెట్టాను. ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను అడగకముందే అమ్మ చెప్పేది: "ఇంగా రాలే."

నాయన రిటైరయ్యే ముందు ఏడాది గడపలకు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. పక్కనుంచి సైకిలు వస్తే మీద పడేదాకా తెలిసేది కాదు. కంటి ఆసుపత్రిలో చూసి నీటికాసులన్నారు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలబడాలంటే చుక్కలు వేసుకుంటూ ఉండాలని చెప్పారు. బస్సులో ఇంటికి వస్తూ నాయన, "కాసులు నన్ను వదల్లేదు సూడు పాపా, కంట్లోకే వచ్చేసినాయి" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. ఇంటికి చేరగానే పెట్టె తెరిచి నాణేలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. అన్నీ గోధుమ రంగే.

ఆ సంగతి విని తాత చిత్తూరు నుంచి వచ్చాడు. అప్పటికి ఆయన బాగా ముసలివాడు, చేతికర్ర లేకుండా నడవలేడు. అయినా గడప పక్క బిందెను తట్టి విన్నాడు. నాయన నిద్రపోతున్నప్పుడు పంచె చెంగులోంచి కాగితం పొట్లం తీసి అమ్మ ముందు పెట్టాడు. పొట్లం విప్పకుండానే గంధకం వాసన తెలిసింది.

"అమ్మణ్ణీ, పట్టుదల సాలు. ఆయన కంటి ఎలుగు పోతా ఉండాది. సూపు ఉండంగానే సూపించు. ఈ వయసులో ఆయనకు ఏం తెలస్తాది?"

"ఆయనకు తెలీకపోవచ్చు నాయనా. ఆయన సూసి సంతోషపడతా ఉంటే పక్కన నేను నిలబడల్ల గదా. ఎట్ల నిలబడేది?"

"రంగు రాకముందే సూపు పోతే?"

 అమ్మ పొట్లాన్ని తాత చేతిలో పెట్టి, ఆయన వేళ్ళు మూసింది. "పోతే నేను పక్కన కూర్చుని, ఇంగా రాలే అని నిజం సెప్తాను. ఇన్నేండ్లూ అదే సెప్తా ఉండా." తాత కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను కూడా ఆమెతో వాదించాను. ఆ రోజుల్లో నాకు అమ్మ మీద కోపం వచ్చేది. ఒక పూట సంతోషం కోసం ఒక చిన్న మోసం చేస్తే ఏం పోతుందనుకునేదాన్ని. ఆమె వాదించేది కాదు. చుక్కల మందు వేళ తప్పకుండా ఆయన కళ్ళలో వేసి, తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళేది.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వానలు వెలిసి, కొండ మీద పొగమంచు దిగుతున్న రోజుల్లో నేను సెలవుకు వెళ్ళాను. పొద్దున్న నేను కాఫీ తాగుతుంటే ముందు గదిలోంచి అమ్మ పిలిచింది. ఆ పిలుపు ఎప్పటిలా లేదు. వెళ్ళేసరికి ఆమె కిటికీ దగ్గర ఇరవై కాసుల బిళ్ళను గుడ్డతో పట్టుకుని ఉంది. సూటిగా చూస్తే గోధుమ రంగే. వంచితే అంచు వెంట సన్నని నీలం లేచింది. దాని లోపల ఊదా, ఇంకా లోపల ఎరుపు. డ్రాయింగు కాగితం ఆనుకుని ఉన్న వైపు నుంచి రంగు నడుమకు నడుస్తోంది. ఎక్కడ ఏది మొదలైందో చూపించలేని రంగు. ఇంకో అర్ధణా తీసి వంచింది. అందులో చిలకపచ్చ ఛాయ.

"పొయి మీ నాయన్ని పిల్సకరా" అంది. అంటూ అంటూనే, "వొద్దులే, నేనే పోతా" అని తనే లేచింది. చెయ్యి పట్టుకుని ఆయన్ని నడిపించుకొచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. అప్పటికి ఆయనకు పక్కలేవీ కనబడవు, నేరుగా ఎదురున్నది మాత్రం కనబడుతుంది. అది కూడా చిన్న మేర. నాణెం ఆ మేరకు సరిపోయింది. ఆయన అంచులు పట్టుకుని వంచాడు. మళ్ళీ వంచాడు. 

"గంధకమా?" అన్నాడు.

"వాసన సూడండి."

ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఉత్త రాగి వాసన. తర్వాత బడిపిల్లలకు చెప్పినట్టు మాకిద్దరికీ చెప్పడం మొదలుపెట్టాడు: ఇదో కుంకుమ, ఇది వంకాయ, ఇది తెల్లారకముందు ఆకాశం, దీనికి పేరు లేదు. చెప్పి చెప్పి ఆగి, కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాడు. "రంగు కింద గీతలుండాయి సుభద్రా. పీచు గీతలు."

"ఉంటాయి గదా. తోమింది నేనే."

"అవి పోవు."

"పోనక్కర్లేదు. ఉండనీండి."  "ఇంగ చిత్తూరుకు పోదాము."

శేషాద్రి సారు ఉద్యోగం మానేసి, చిత్తూరులో గ్రంథాలయం పక్క గదిలో చిన్న ప్రదర్శన ఒకటి నడుపుతున్నాడని నేను విన్నాను. ముగ్గురం వెళ్ళాం. అమ్మ ఒళ్ళో పెట్టె, ఒక చేత్తో నాయన చెయ్యి. సారుకు మేమెవరమో గుర్తు రాలేదు. తిరుపతి బొమ్మలయ్యోరు అని నేను చెప్పాక, "ఆ, తోమేసిన మనిషి!" అన్నాడు. 

అమ్మ ఆయన ఎదురుగా నిలబడింది. ప్రదర్శన చూడడానికి వచ్చిన అంత మందిలో ఆమె మగవాళ్ళతో మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు. "తోమింది ఈయన కాదు సార్, నేను. ఆ పొద్దు తలుపు ఎనక ఉండినా. బయటికి రాబోతే ఈయన రానీలే. అప్పుడే వచ్చుంటే బాగుండు, రాల్యా. ఈ పొద్దు వచ్చినా. ముందర ఇవి సూడండి."

సారు నాయన వైపు చూశాడు. నాయన తల వంచుకుని చిన్నగా నవ్వుతున్నాడు. సారు పెట్టె తెరిచి, భూతద్దం తీసి, చాలాసేపు చూశాడు. కిటికీ దగ్గరికి పోయి చూశాడు. తిరిగి వచ్చి కుర్చీ లాగి అమ్మను కూర్చోమన్నాడు. "రంగు నిజమైందే తల్లీ. కింద గీతలుండాయి గాని రంగు నిజమైంది. ఇన్నేండ్లు ఎట్ల ఓర్చుకున్నావు?"  ఒక బల్ల ఖాళీ చేయించి నాణేలు పెట్టించాడు. అట్టముక్క మీద తనే రాశాడు: 'రాగి నాణేలు. ఒకసారి తోమినవి. తర్వాత సహజంగా రంగు తిరిగినవి.' అమ్మ కూడబలుక్కుని చదివింది. 

"తోమింది ఎవరో రాయలేదే?" అంది.

"అది అక్కర్లేదులేమ్మా."

"అక్కర ఉండాది సార్. అప్పుడు ఆయన పేరు సెప్పుకున్నారు గదా మీరందరూ. ఇప్పుడు నా పేరు రాయండి."

సారు కలం తీసి రాశాడు. నాయన అట్ట దగ్గరికి వంగి, మిగిలిన చూపుతో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పైకి చదివాడు: "తోమినవారు, సుభద్రమ్మ." చదివి, ఆ గదిలో అందరూ తిరిగి చూసేలా నవ్వాడు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళిద్దరూ అట్లా కలిసి నవ్వడం నేను విని చాలా కాలమైంది.

ప్రదర్శన అయ్యాక నాణేలు ఇంటికి వచ్చేశాయి. నాయన చూపు ఆ తర్వాత కొన్నాళ్ళకే పూర్తిగా పోయింది. అమ్మ ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చుని ఏ నాణెం ఎంత మారిందో చెప్పేది. రంగులకు ఆయన పెట్టిన పేర్లతోనే చెప్పేది. నేనూ తిరుపతికే వచ్చేశాను. ఇప్పుడు మా ఇంట్లో రాగి పాత్ర లేదు, అంతా స్టీలే. శుక్రవారానికి వాసన లేదు. ఆ రోజులే మంచివని నేననను. ఒక్క సాయంత్రపు పొరపాటును మోయడానికి ఒక ఆడమనిషికి అన్నేళ్ళు పట్టడం న్యాయమా అని ఇప్పటికీ అనుకుంటాను. పొట్లం విప్పి ఉంటే ఆమెకు ఎంత బరువు దిగేదో కదా అని కూడా అనుకుంటాను. అయినా అంత పట్టుదలతో ఎదురుచూడగలిగే మనిషి నాలో లేదని నాకు తెలుసు, మా పిల్లల్లో వెతికినా కనబడలేదు. నాణేలు మాత్రం ఇంకా మారుతూనే ఉన్నాయి. ఊదా నడుమదాకా వచ్చేసింది. పోయిన వానాకాలం ఒక దమ్మిడీ మీద నేనెన్నడూ చూడని పసుపు ఛాయ లేచింది. దానికి ఏ పేరు పెట్టాలో అడగడానికి నాయన లేడు. కిటికీ దగ్గర కూర్చుని, అంచులు పట్టుకుని, నాకు తోచిన పేరు నేనే పెడుతున్నాను.